మీ ఊరి చెరువు మీద ఏడాది పరిశోధన: ఎలా మొదలుపెట్టాలి, ఏం రాసుకోవాలి

జీవవైవిధ్య పరిశోధన అనగానే చాలామందికి నల్లమల, పులులు, కెమెరాలు మోసుకెళ్లే పీహెచ్‌డీ విద్యార్థులే గుర్తొస్తారు. అదీ కావాలి. కానీ మన దేశంలో చెరువులు, కుంటలు, చెక్‌డ్యాములు అన్నీ కలిపి 24 లక్షలకు పైగా ఉన్నాయని కేంద్రం 2023లో బయటపెట్టిన మొదటి నీటి వనరుల గణన చెబుతోంది, వాటిలో నూటికి 97 పల్లెల్లోనే ఉన్నాయి. ఇన్నింటి దగ్గరికీ శాస్త్రవేత్తలు రాలేరు. మీ చెరువులో ఈ రోజు ఏముందో రాసిపెట్టగలిగేది ఆ కట్ట మీద రోజూ నడిచే మీరే. అందుకే ఇది రాస్తున్నాను, మా కడప వైపు ఒక చెరువును కొన్నేళ్లుగా చూస్తూ, తప్పులు చేస్తూ నేర్చుకున్నది.

ఊళ్లో ఉండేవాళ్ల కళ్లకి ఎంత విలువుందో చెప్పడానికి కలివి కోడి కథ ఒక్కటి చాలు. 1848లో శాస్త్ర రికార్డుల్లోకి ఎక్కిన ఈ పక్షి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల కొండల దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఊరూరా తిరిగి బొమ్మలు చూపించి అడిగితే, ఇది మాకు తెలుసు అన్నది అక్కడి మనుషులే, రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నదీ అక్కడి వేటగాడే. శాస్త్రానికి ఎనభై ఏళ్లకు పైగా కనబడని పక్షికి ఆ ఊళ్లలో పేరు కూడా ఉంది. మీ ఊళ్లోనూ అలాంటి సంగతులు ఎవరో ఒకరి నోట్లో ఉండే ఉంటాయి.

ముందు ప్రశ్న తేల్చుకోండి

"మా చెరువు జీవవైవిధ్యాన్ని అధ్యయనం చేస్తాను" అనుకుంటే నెల రోజుల్లో ఆపేస్తారు, ఎందుకంటే అందులో ఎక్కడ మొదలుపెట్టాలో ఉండదు. చిన్న ప్రశ్న పెట్టుకోండి. చెరువు నిండినప్పుడూ అడుగంటినప్పుడూ వచ్చే పక్షులు ఒకటేనా? గుర్రపు డెక్క కమ్మేసిన వైపు, ఖాళీ నీళ్లున్న వైపు, ఈ రెండు చోట్లా నీటి పక్షుల లెక్క ఎంత తేడా ఉంది? పూడిక తీసిన ఏడాది ఒడ్డున ఏం మొలిచింది? ఇలా ఒక్కటి. సమాధానం అవును, కాదు, ఇంత అని చెప్పగలిగేలా ఉండాలి.

చోటు కూడా ఒక్కటే పెట్టుకోండి, ఇంటి నుంచి పావుగంటలో చేరుకునేది. కొల్లేరుకో నేలపట్టుకో ఏడాదికి రెండుసార్లు వెళ్లి వంద ఫొటోలు తీయడం కంటే పక్కనున్న కుంట దగ్గరికి నెలకి రెండుసార్లు వెళ్లడమే పరిశోధనకి పనికొస్తుంది. అక్కడికి వెళ్లొద్దని కాదు, చూసి రండి, గూడబాతులు పిల్లలకి మేత పెట్టడం చూస్తే ఆ రోజు మరిచిపోలేరు. లెక్క మాత్రం మీ ఊరిదే రాయండి.

ఇంకో కారణం కూడా ఉంది. 2017 నాటి చిత్తడి నేలల పరిరక్షణ నిబంధనల్లో, సాగునీటి కోసం, తాగునీటి కోసం మనుషులు తవ్వించిన చెరువుల్ని చిత్తడి నేల అనే నిర్వచనం నుంచి తప్పించారు. అంటే మన రాయలసీమ చెరువుల్లో చాలావాటికి ఆ నిబంధనల నీడ లేదు. ఇదే సీమలో పోరుమామిళ్ల దగ్గర 1369లో చెక్కించిన శాసనం, మంచి చెరువుకి ఏమేం ఉండాలో పన్నెండు అంగాలుగా చెబుతూ నీటి శాస్త్రం తెలిసినవాడు ఒకడు ఉండాలంటుంది. అంత శ్రద్ధగా కట్టిన చెరువుల్లో ఇవాళ ఏం బతుకుతోందో కాగితం మీద లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

పుస్తకం, పెన్సిల్, కందిపప్పు

కావాల్సినవి తక్కువే: గట్టి అట్టున్న నోట్‌బుక్, పెన్సిల్ (పెన్ను వద్దు, వాన చినుకు పడితే పెన్ను రాత కారిపోతుంది), ఫోన్, వీలైతే ఒక బైనాక్యులర్. బైనాక్యులర్ మీద 8x40 అనో 8x42 అనో ఉంటే పల్లెలో పనికి సరిపోతుంది, ఎక్కువ పెద్దది చేసి చూపించేవి చేతిలో వణుకుతాయి. లేకపోయినా మొదలుపెట్టొచ్చు, కొంగలకీ నీటికాకులకీ కళ్లు చాలు.

వెళ్లిన ప్రతిసారీ పేజీ పైన తేదీ, మొదలైన టైమ్, ముగిసిన టైమ్, ఎంత దూరం నడిచారు, ఎంతమంది చూశారు, ఎండా మబ్బా గాలా, నీళ్లు ఎంతవరకు ఉన్నాయి, ఇవి రాయాలి. నీటి మట్టానికి కొలబద్ద లేదే అని టెన్షన్ పడకండి, తూము మెట్లు లెక్కపెట్టండి, ఎన్ని మెట్లు బయట ఉన్నాయో రాస్తే చాలు. ఇవి లేకుండా పక్షుల పేర్లు మాత్రమే రాస్తే ఆ జాబితా దేనికీ పోల్చి చూడ్డానికి పనికిరాదు. పది నిమిషాలు చూసి ఐదు రకాలు రాసినవాడూ, రెండు గంటలు చూసి పన్నెండు రకాలు రాసినవాడూ ఒకే చెరువు గురించే చెబుతుండొచ్చు కదా.

నేను మొదటి ఏడాది చేసిన తప్పు చెప్తాను. నత్తగుల్ల కొంగలు గుంపుగా కనిపించిన ప్రతిసారీ పుస్తకంలో "చాలా" అని రాశాను. అక్టోబర్‌లో చాలా, డిసెంబర్‌లో చాలా, ఫిబ్రవరిలోనూ చాలా. ఏడాది చివర కూర్చుని చూస్తే పెరిగాయా తగ్గాయా అని నాకే తెలియలేదు. ఆ ఏడాది పని మొత్తంలో కొంగల లెక్క పోయినట్టే. అప్పటినుంచి అంకె రాస్తున్నాను, అది అంచనా అయినా సరే. 70 అని రాసి పక్కన "అంచనా" అని పెట్టినా "చాలా" కంటే వెయ్యి రెట్లు మేలు.

గుంపుని లెక్కపెట్టడం ఇంట్లోనే నేర్చుకోవచ్చు. పళ్లెంలో గుప్పెడు కందిపప్పు చల్లండి, ఐదు సెకన్లు చూసి అంకె చెప్పండి, తర్వాత ఒక్కొక్కటి లెక్కపెట్టండి. మొదట్లో దాదాపు అందరం తక్కువే చెప్తాం. తర్వాత పళ్లెంలో ఒక మూల పది గింజలు ఎంత జాగా తీసుకున్నాయో కంటితో పట్టుకుని, అలాంటి జాగాలు మొత్తం ఎన్ని ఉన్నాయో చూడండి. గుంపు పెద్దదైతే పదికి బదులు యాభై. వారం రోజులు చేస్తే చెరువు మీద లేచిన బాతుల గుంపు చూసి కంగారు పడరు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఎగిరి అటువైపు వాలిన గుంపుని మళ్లీ లెక్కపెట్టకూడదు, అందుకే ఏ దిక్కునుంచి ఏ దిక్కుకి పోయాయో బాణం గుర్తు వేసుకోవాలి.

గుర్తుపట్టలేని పక్షి వస్తే పేరు ఊహించి రాయొద్దు. "ఉల్లంకి పిట్టలా చిన్నది, కాళ్లు పచ్చగా, తోక ఆడిస్తోంది, ఒంటరిగా" అని రాసుకోండి, రెండు మూడు ఫొటోలు తీయండి. మెర్లిన్ యాప్ ఫొటో చూసీ కూత వినీ పేరు సూచిస్తుంది, బాగానే పనిచేస్తుంది కానీ అది చెప్పినదంతా రాసుకోకూడదు. కూత విని యాప్ చెప్పిన పేరుని కంటితో చూశాకే నేను పుస్తకంలోకి ఎక్కిస్తాను.

దారి మార్చొద్దు

కట్ట మీద నాలుగైదు చోట్లు ఎంచుకోండి: తూము దగ్గర, మరవ దగ్గర (తెలంగాణలో అలుగు అంటారు), జమ్ము పెరిగిన వైపు, పశువులు నీళ్లు తాగే రేవు, చేలు ఆనుకున్న అంచు. ఒక్కోచోట పది నిమిషాలు కదలకుండా నిలబడి కనిపించినవన్నీ రాయాలి. ప్రతిసారీ అదే వరస, అదే టైమ్. పొద్దుపొడిచిన తర్వాత రెండు గంటల్లోపు అయితే పక్షులు చురుగ్గా ఉంటాయి, ఎండకి గాలిలో అలలు లేచి దూరపువి చెదిరినట్టు కనిపించడం కూడా ఉండదు.

ఏమీ కనిపించని రోజు కూడా రాయాలి. ఇది ఎంత చెప్పినా చాలదు. చెరువు ఎండిపోయిన మే నెలలో వెళ్లి ఏం చూస్తాంలే అని మానేస్తారు, సరిగ్గా అప్పుడే పుస్తకంలో ఖాళీ వస్తుంది, ఆ ఖాళీ అంటే పక్షులు లేవనా, మీరు వెళ్లలేదనా? తర్వాత చదివేవాడికి ఎలా తెలుస్తుంది? వెళ్లండి, "నీళ్లు లేవు, నీటి పక్షులు 0" అని రాయండి. పైగా ఎండిన చెరువు ఖాళీగా ఏం ఉండదు. నెర్రెలిచ్చిన అడుగున తీతువు పిట్టలు గుడ్లు పెడతాయి, రాళ్ల మధ్య రాళ్లలాగే ఉంటాయి, అందుకే కాలు చూసుకుని వేయాలి.

నెలకి రెండుసార్లు కుదిరితే చాలు. అక్టోబర్ నుంచి మార్చి దాకా ఉత్తరాది దేశాల వలస బాతులు, ఉల్లంకులు ఉంటాయి కాబట్టి ఆ రోజుల్లో వారానికోసారి వెళ్లగలిగితే ఇంకా మంచిది. ఏటా జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచీ నడుస్తోంది. మీ చెరువు లెక్కని ఆ నెలలో అందులో కలపొచ్చు.

మొక్కలు, నీళ్లు, అడుగుజాడలు

మొక్కలకి నాలుగు పీవీసీ గొట్టాలు కలిపి మీటరు చదరం చట్రం చేసుకోండి. ఒడ్డునుంచి పైకి ఐదేసి అడుగులకోసారి దాన్ని నేల మీద పెట్టి, లోపల ఏ మొక్కలున్నాయో, ఒక్కోటి ఎంత జాగా కప్పిందో రాయండి. తుంగ సగం, తూటికాడ పావు, మిగతాది బురద, ఇలా. బాగున్న చోటే చట్రం పెట్టాలనిపిస్తుంది, అలా చేస్తే లెక్క తప్పుతుంది, ఐదు అడుగులంటే ఐదు అడుగులే. సర్కారు తుమ్మ, గుర్రపు డెక్క, వయ్యారిభామ, ఈ మూడూ బయటి దేశాలనుంచి వచ్చి పాతుకుపోయినవి, వీటి అంచు ఎక్కడిదాకా వచ్చిందో ఆరు నెలలకోసారి ఒకే చోట నిలబడి ఫొటో తీయండి. ఒకే చోట, ఒకే వైపు తిరిగి తీసిన ఫొటో ఇచ్చే సాక్ష్యం ఇంకేదీ ఇవ్వదు.

నీటి తేటదనం కొలవడానికి పాత స్టీలు పళ్లెం ఒకటి చాలు. నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలకి నలుపు, మిగతా రెండింటికి తెలుపు రంగు వేసి, నడుమ రంధ్రం చేసి ముడులు వేసిన తాడు కట్టండి, బరువుకి కింద రాయి. నీళ్లలోకి దించుతూ పోతే ఎక్కడ కనబడకుండా పోయిందో అక్కడికి తాడు ఎంతో కొలిచి రాయండి. కట్ట మీదనుంచి ఒంగి చేయొద్దు, రేవు దగ్గరే చేయండి, తోడుగా ఒకరు ఉండాలి. వాన పడిన వారం నీళ్లు ఎర్రగానే ఉంటాయి, దాన్ని కాలుష్యం అని రాసేయకండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది అడుగుజాడల పట్టీ. కలివి కోడి మీద పనిచేసిన పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారి దాని మీద పడిన కాలిగుర్తులు చదివేవాళ్లు, ఎందుకంటే ఆ పక్షి రాత్రిపూటే తిరుగుతుంది, మనిషి కంట పడదు. మనమూ చేయొచ్చు. జల్లెడ పట్టిన మట్టిని సాయంత్రం కట్ట కింద దారిలో మూడు మీటర్ల పొడవున పలచగా పరిచి, చేత్తో చదును చేసి వచ్చేయండి. పొద్దున్నే పశువులు రాకముందే వెళ్లాలి. ముంగిస గోళ్ల గుర్తులు, కుందేలు వెనక కాళ్ల పొడుగు గుర్తులు, గోళ్లు పడని గుండ్రటి పిల్లి అడుగు (అది ఊరి పిల్లా, జంగు పిల్లా అన్నది సైజు కొలిచి, ఫొటో పక్కన స్కేలు పెట్టి, తెలిసినవాళ్లకి చూపించి తేల్చుకోవాలి). మొదటిసారి ఆ మట్టి మీద గుర్తు చూసినప్పుడు, మనం పడుకున్నాక ఈ కట్ట ఇంకొకరిదని తెలిసింది.

మనుషుల్ని అడగడం

చేపలు పట్టేవాళ్లు, గొర్రెలు కాసేవాళ్లు, తూము చూసే నీరటి, వీళ్లకి తెలిసినంత మీకు పుస్తకాల్లో దొరకదు. కానీ పుస్తకం పట్టుకుని ప్రశ్నలు వేస్తే నోరు విప్పరు. నేను మొదట వెళ్లినప్పుడు చేపలు పట్టే మామ ఒకాయన "ఏం నాయనా, కొలతలకొచ్చినావా?" అని అడిగాడు, చెరువు భూమి కొలవడానికి వచ్చాననుకున్నాడు. నేను కొంగల లెక్క చూస్తున్నా మామా అంటే నమ్మలేదు. నాలుగు వారాలు వరసగా కనిపించాక ఆయనే పిలిచి వలలో పడిన చేపలు చూపించాడు, వాలుగ రావడం మానేసి ఎన్నాళ్లయిందో, ఏ ఏడు మరవ పోయిందో చెప్పాడు.

అడిగేటప్పుడు "ఈ పక్షి ఉందా?" అని అడగొద్దు, మర్యాదకి ఉందనేస్తారు. ఫొటోలు వరసగా పెట్టి, వాటి మధ్య మన వైపు అసలు ఉండనిది ఒకటి కలిపి, "వీటిల్లో ఏవి చూశారు, ఎక్కడ, ఎప్పుడు?" అని అడగండి. ఉండనిదాన్ని కూడా చూశానంటే ఆ రోజు చెప్పిన మిగతా మాటల్ని కాస్త జాగ్రత్తగా తీసుకోవాలి. సంవత్సరం అడిగితే గుర్తుండదు, "మీ అమ్మాయి పెళ్లికి ముందా తర్వాతా?", "మరవ పోయిన ఏడా?" అంటే గుర్తొస్తుంది. స్థానిక పేర్లు వాళ్లు పలికినట్టే రాయండి, వీలైతే అడిగి రికార్డు చేయండి. మండలం దాటితే పేరు మారుతుంది, అన్నీ కావాలి.

నాటువైద్యం ఆకుల సంగతి చెబితే మాత్రం వాళ్లు ఒప్పుకోకుండా ఆన్‌లైన్‌లో పెట్టకండి. అది వాళ్ల సొత్తు.

చట్టం సంగతి

కట్ట మీద నిలబడి చూడ్డానికి, ఫొటో తీయడానికి ఇబ్బంది ఉండదు, అయినా పంచాయతీలో ఒక మాట చెప్పి, చేపల సొసైటీ వాళ్లకి ముందే తెలియజేయండి. అభయారణ్యంలోకి అధ్యయనం కోసం వెళ్లాలంటే 1972 వన్యప్రాణి చట్టం కింద అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. చట్టం షెడ్యూళ్లలో ఉన్న పక్షుల్ని, తాబేళ్లని, పాముల్ని పట్టుకోవడం, గుడ్లు తేవడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం, పరిశోధన అన్నా అనుమతి లేకుండా కుదరదు. 2022 సవరణతో ఆ షెడ్యూళ్లు మారాయి కాబట్టి పాత జాబితా చూసి నమ్మకండి. నమూనాలు విదేశాలకి పంపే ఆలోచన ఉంటే 2002 జీవవైవిధ్య చట్టం కింద చెన్నైలోని జాతీయ సంస్థ అనుమతి కావాలి. మొదటి ఏడాది వీటి జోలికి పోకపోవడమే మంచిది.

గూళ్ల దగ్గరికి ఫొటో కోసం వెళ్లొద్దు, కూత రికార్డు పెట్టి పక్షిని పిలవొద్దు. తల్లి లేచిపోతే ఎండకి గుడ్లు ఉడికిపోతాయి, కాకులు చూస్తూనే ఉంటాయి.

రాసింది ఎక్కడ పెట్టాలి

పక్షుల లెక్క ఈబర్డ్‌లో (పక్షి పరిశీలకులు తమ లెక్కలు ఎక్కించే వెబ్‌సైట్) పెట్టండి. అక్కడ "గుర్తుపట్టినవన్నీ రాశారా?" అని అడుగుతుంది, అవును అనగలిగేలా రాయండి, అప్పుడే లేనివాటి సంగతి కూడా తెలుస్తుంది. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక 942 జాతుల గురించి చెప్పగలిగింది అంటే, 30 వేల మందికి పైగా పక్షి పరిశీలకులు ఇలా ఎక్కించిన లెక్కల వల్లే. మొక్కలు, తూనీగలు, సీతాకోకచిలుకలకి ఐనాచురలిస్ట్ గానీ ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ గానీ బాగుంటాయి. మొక్కకి ఆకు పైనా కిందా, పువ్వు, కాయ, బెరడు విడివిడిగా తీయాలి, ఒక్క పువ్వు ఫొటోతో ఎవరూ తేల్చలేరు.

నక్షత్ర తాబేలు, దేవాంగ పిల్లి, అలుగు (ఒంటినిండా పెంకులుండే జంతువు, పాంగోలిన్) లాంటివి కనిపిస్తే చోటు బయటపెట్టొద్దు. ఐనాచురలిస్ట్‌లో చోటుని మసకగా చూపించే సౌకర్యం ఉంది, వాడండి. గుత్తి దగ్గర దొరికిన నమూనాతో 1899లో పేరు పెట్టిన నీలం సాలీడు, మళ్లీ 2001లో గానీ నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో శాస్త్రవేత్తలకి దొరకలేదు. పెంచుకోడానికి కొనేవాళ్లు ప్రపంచమంతా ఉన్న ప్రాణి అది, అలాంటివాటికి మనం పెట్టిన ఒక్క లొకేషన్ చాలు.

కాగితం మీద మాత్రం మీ పంచాయతీకి ఇవ్వండి. జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక జీవవైవిధ్య కమిటీ, దాని చేతిలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మీ ఊరి రిజిస్టర్ చూపించమని పంచాయతీ కార్యదర్శిని అడగండి. నేను చూసిన ఒక రిజిస్టర్‌లో పక్క మండలానిది యథాతథంగా దించిన పేజీలు ఉన్నాయి, మా వైపు లేని చెట్లు అందులో ఉన్నాయి. కోప్పడకుండా మన ఏడాది జాబితా జెరాక్స్ తీసి, తేదీ వేసి, ఇచ్చినట్టు సంతకం తీసుకుని రండి. రేపు చెరువు ఆక్రమణ మీద మాట వస్తే ఆ సంతకం పనికొస్తుంది.

ఏడాది నిండాక నెలవారీగా ఒక పట్టిక గీయండి, నిలువు గడుల్లో నెలలు, అడ్డ గడుల్లో జాతులు. పక్కనే నీటి మెట్ల లెక్క. ఇస్రో భువన్‌లో, గూగుల్ ఎర్త్‌లో మీ చెరువు పాత ఉపగ్రహ చిత్రాలు చూసి నీళ్లు పరుచుకున్న మేర ఎలా మారిందో పోల్చండి. అంతకు మించి తేల్చేయకండి. ఈసారి కొంగలు తక్కువొస్తే అది చెరువు వల్లో, పక్క చెరువు నిండటం వల్లో, వాన వల్లో ఒక్క ఏడాదితో తెలియదు. "ఈ ఏడాది ఇంత కనిపించింది" అని మాత్రమే రాయండి, "తగ్గిపోయాయి" అనడానికి ఇంకో నాలుగేళ్లు కావాలి.

రెండో ఏడాదికి అదే దారి, అవే చోట్లు, అదే టైమ్. పుస్తకం మాత్రం కొత్తది తీసుకోండి, పాతదాన్ని పేజీపేజీకీ ఫొటో తీసి ఇంకెవరి దగ్గరైనా ఒక కాపీ ఉంచండి.